బానెట్ మీది నంబరు

శవం ట్రాలీ కుడి చక్రానికి ఆనుకుని ఉంది.

శనివారం మధ్యాహ్నం రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. ఉదయగిరి కోట గోడలు ఎండకు తెల్లబడి కనిపిస్తున్నాయి. కొండకు తూర్పున నల్లగట్టుపాళెం చేలల్లో, పీకిన వేరుశనగ చెట్లు కట్టలు కట్టి వరసల్లో పడేసి ఉన్నాయి. వరసల నడుమ పాతకాలపు ఎర్ర ట్రాక్టరు. బానెట్ మీద తెల్లని అక్షరాల్లో ఇంటర్నేషనల్ అని ఉంది. దాని కింద బి-275. వెనక ట్రాలీ సగం నిండింది. ఇంజను ఆగి ఉంది.

చనిపోయింది పెంచలనరసయ్య. అరవై రెండేళ్ళు. ఛాతీ అణిగిపోయింది. మొహం మీద గీత కూడా పడలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఎస్సై మాధవి వంగి చూసింది. టైరు మీద నెత్తురు పూసినట్టుంది. లేచి నిలబడింది.

"ఎవరితను?"

"కాలనీ మనిషి మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ వెంగయ్య. "సోమశిల డ్యాంలో వాళ్ళ ఊరు మునిగిపోతే వచ్చి ఈడ కాలనీ కట్టుకున్నారు. ట్రాక్టరు ఆయనదే. ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ దున్నేది ఆయనే."

"ఫోన్ చేసిందెవరు?"

"నేను మేడం."

ముందుకు వచ్చినవాడు రామనారాయణ. ఊళ్ళో పెద్ద రైతు. యాభై అయిదేళ్ళుంటాయి. తెల్ల పంచె. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. పక్క చేను అతనిదే. దాని అవతలి గట్టును ఆనుకుని కాలనీ శ్మశానం.

"ఎన్ని గంటలకు జరిగింది?"

"ఒకటీ ఇరవై అయుంటాది."

"మీరు ఫోన్ చేసింది ఒకటీ యాభైకి."

"కాళ్ళూ చేతులూ ఆడలేదు మేడం. మనిషి కళ్ళ ముందర పోయినాడు."

"చూసింది చూసినట్టు చెప్పండి."

రామనారాయణ గొంతు సవరించుకున్నాడు. "కూలోళ్ళు సంగటి తినను ఆ చింతచెట్టు కాడికి పోయినారు. ఈయన ఒక్కడే కట్టలు ఎత్తతా ఉండాడు. బండిని లో ఫస్టులో పెట్టి కిందికి దిగినాడు. మా పక్క అందురూ చేసేదే అది. బండి దానంతట అది పాకతా ఉంటాది, మనం పక్కన నడస్తా కట్టలు పైకి ఎయ్యడమే. డ్రైవరు కూలి మిగలతాది. ఆ నడకలో కాలికి తీగ తగులుకున్నట్టుండాది. పడినాడు. ట్రాలీ చక్రం ఎక్కేసింది. నేను గట్టు దూకి వచ్చినా. బండెక్కి హై-లో లివరు నడిమికి లాగేసినా. ఆగింది. ఇంజను ఆపినా. దిగి చూస్తే ఏముండాది? అయిపోయినాడు."

మాధవి రాసుకుంది. మాట మాటా రాసుకుంది. కింద సంతకం పెట్టించుకుంది.

పంచనామా కూడా తన చేత్తోనే రాసింది. ట్రాక్టరు ఇంటర్నేషనల్, మోడల్ బి-275. గేరు రాడ్డు న్యూట్రల్‌లో ఉన్నది. ట్రాలీ రెండు చక్రాలది. కూలీల్లో పెద్దది పిచ్చమ్మను అడిగింది.

"తినేటప్పుడు నీకేమన్నా వినబడిందా?"

"బండి చప్పుడు ఇనబడింది మేడం. ఎర్రబండి చప్పుడే. ఆ టకటక నాకు తెలుసు. కేక మటుకు ఇనబళ్ళా. గట్టు చాటు, ఏమీ కనబళ్ళా."

అన్నీ ఒకదానికొకటి అతికినట్టే ఉన్నాయి. నూట తొంభై నాలుగో సెక్షను కింద ప్రమాద మరణంగా కేసు కట్టి, శవాన్ని ఆత్మకూరు ఆస్పత్రికి పంపించింది. ట్రాక్టరుకు ఒక కానిస్టేబుల్‌ను కాపలా పెట్టింది. అంతటితో అయిపోయిందనే అనుకుంది.

*

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. ఆత్మకూరు. మార్చురీ ముందు వేపచెట్టు నీడలో కాలనీ వాళ్ళు ఇరవై మంది కూర్చున్నారు.

పెంచలనరసయ్య భార్య రోశమ్మ విడిగా, గోడ మొదట్లో కూర్చుంది. కొడుకు మాల్యాద్రి అవతలి పక్క నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళ వాడు. తల్లీ కొడుకుల మధ్య అంత జాగా ఎందుకుందో మాధవికి అర్థం కాలేదు.

రోశమ్మ లేచి వచ్చింది. కొంగు కింద ప్లాస్టిక్ కవరు పట్టుకుంది.

"బండి కాయితాలు అడిగినారంట. ఇంద."

మాధవి తీసుకుంది. ఆమె కదల్లేదు.

"ఇంకేమైనా చెప్పాలా అమ్మా?"

"ఆయన దిగడు తల్లీ."

"ఏంటి?"

"నడిచే బండి దిగడు. ఆ రామనారాయణ తన బండి దిగతాడు, రెండు ఊర్లల్లో అందురూ దిగతారు. మా ఆయన దిగడు. కట్టలు ఎత్తను మనిషి లేకపోతే బండి ఆపతాడు, ఎత్తతాడు, మళ్ళా ఎక్కి ముందుకు తోలతాడు. నలభై తూర్లు ఎక్కి దిగతాడు. అందురూ నవ్వతారు. ఎందుకు దిగవయ్యా అంటే, ఈ బండి అట్టాంటిది కాదులేవే అనేవోడు. నాకేం తెలుసు బండ్ల సంగతి?"

మాధవి ఆమె మొహంలోకి చూసింది. "అంటే, ఇది యాక్సిడెంట్ కాదంటావా?"

రోశమ్మ ఒక్కసారి కొడుకు వైపు చూసి కళ్ళు దించుకుంది.

"నిన్న పొద్దున వాడూ ఆయనా పెద్దగా పోట్లాడుకున్నారు. బండి అమ్మేద్దామంటాడు వాడు. నా పీనుగ మీద అమ్ముకో పోరా అన్నాడు ఈయన. ఆ పొద్దంతా వాడు ఇంట్లో లేడు. అడిగితే ఇంట్లో పండుకోని ఉండానంటాడు. నేను ఇంట్లోనే ఉండాను కదమ్మా. వాడు లేడు."

మాధవి నోట్‌బుక్కు మూసింది.

"మాలో పూడ్చేటప్పుడు కొడుకు ఎయ్యాల మొదటి మూడు పిడికిళ్ళు. ఆ చేత్తోనే సంపి, ఆ చేత్తోనే మట్టి ఏస్తే ఆయన ఏడ పోతాడు? నువ్వు చెప్పిందాకా నేను శవాన్ని లేపనియ్యను. ఎండాకాలం. ఐసు పెట్టె రేపటి దాకా ఇయ్యరంట. తొందరగా చెప్పు తల్లీ. వాడా, కాదా?"

తిరిగి గోడ మొదటికి పోయి కూర్చుంది. కన్నతల్లి పోలీసు దగ్గరికి వచ్చి అడిగిన మాట అది.

కవరు విప్పింది. పాత ఆర్సీ పుస్తకం. అంచులు చెదలు కొట్టాయి. చేతులు మారిన ముద్రలు నాలుగు ఉన్నాయి. మోడల్ దగ్గర వేలు ఆగింది.

బి-250.

పంచనామాలో తను రాసింది బి-275.

*

పన్నెండూ పది. ఆత్మకూరు బస్టాండు వెనక శీనయ్య షెడ్డు. డెబ్బై ఏళ్ళ మెకానిక్. నలభై మైళ్ళ చుట్టూ పాత ట్రాక్టర్ల జబ్బు తెలిసిన మనిషి ఆయనొక్కడే అని వెంగయ్య చెప్పాడు. గేరుబాక్సులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉన్నాడు. తీయలేదు.

"పెంచలనరసయ్య బండి మీరు చూసేవారా?"

"చూసేవాడినే. మంచోడు పోయినాడు."

"కాయితంలో టూ ఫిఫ్టీ. బానెట్ మీద టూ సెవెంటీఫైవ్. దొంగబండా?"

శీనయ్య నవ్వాడు. పళ్ళు రెండే ఉన్నాయి. "దొంగబండి కాదమ్మా. దొంగ రేకు. ఆరేళ్ళ కింద గడ్డివామికి అగ్గి అంటుకుంటే పక్కనున్న బండి బానెట్ రేకు కాలిపోయినాది. టూ ఫిఫ్టీ రేకు ఏడ దొరకతాది? అది తెల్లోళ్ళ సీమ నుంచి ఓడలో వచ్చిన బండి. ఇక్కడ చెయ్యడం మొదలుపెట్టక ముందుది. పాతసామాన్లలో టూ సెవెంటీఫైవ్ రేకు ఉంటే నేనే ఎత్తి బిగించినా. సరిగ్గా కూర్చుంది. నంబరు చెరపమంటే, ఉండనీలే శీనయ్యా, పాతిక పెరిగింది కదా అన్నాడు."

"రెండూ అంత ఒకటిగా ఉంటాయా?"

"అన్నదమ్ములు. మూతి ఒకటే. ఒళ్ళు ఒకటే. చప్పుడు కూడా ఒకటే, చెవి పెట్టి ఇన్నా తెలవదు. తోలేవోడికి తెలస్తాది, ఇప్పేవోడికి తెలస్తాది. చూసేవోడికి తెలవదు."

"తోలేవాడికి ఎలా తెలుస్తుంది?"

"దీనికి ముందుకు అయిదు గేర్లు. దానికి ఎనిమిది."

మాధవి చెయ్యి నోట్‌బుక్కు మీద ఆగిపోయింది. "ఎనిమిది ఎట్లా వస్తాయి?"

శీనయ్య చేతిని బయటికి తీశాడు. నూనె కారుతున్న వేళ్ళతో గాలిలో చూపించాడు. అర నిమిషం మాట్లాడాడు. మాధవి మళ్ళీ ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

"శీనయ్యా, మీరు నాతో రావాలి."

"అన్నం తినలేదమ్మా."

"దారిలో తిందాం."

*

ఒకటీ యాభైకి చేలోకి దిగారు. మాధవి ఎర్ర ట్రాక్టరు ఎక్కి సీట్లో కూర్చుంది. రెండు నిమిషాలు కాళ్ళ దగ్గరికే చూసింది. తర్వాత దిగి, వేరుశనగ వరసల వెంట నడిచింది. ట్రాక్టరుకు పదిహేను అడుగుల దూరంలో, వరస తప్పి రెండు కట్టలు పక్కపక్కన పడి ఉన్నాయి. కాలితో ఒకదాన్ని తోసింది.

కింద మట్టి ఎర్రగా లేదు. నల్లగా గడ్డకట్టింది.

నెల్లూరుకు ఫోన్ చేసింది. "క్లూస్ టీం కావాలి. ఇప్పుడే."

రెండూ యాభైకి ఉదయగిరిలో, పెంచలనరసయ్య బండి కోసం తిరుగుతున్నాడని శీనయ్య చెప్పిన వెంకటకృష్ణ దొరికాడు. నెల్లూరు మనిషి. పాత ట్రాక్టర్లు కొని, రంగులు వేసి, సరదా ఉన్న షావుకార్లకు అమ్ముతాడు. చెక్క గరిటెలు అమ్మే కొట్టు ముందు టీ తాగుతున్నాడు.

"పెంచలనరసయ్య బండి కోసం ఎన్నిసార్లు వచ్చారు?"

"నాలుగుసార్లు. అయిదోసారి వస్తే గడ్డికొడవలి చూపించాడు."

"అది టూ సెవెంటీఫైవ్ కదా. ఊరికొకటి ఉంది. అంత మోజెందుకు?"

వెంకటకృష్ణ ఆమెను జాలిగా చూశాడు. "టూ సెవెంటీఫైవ్ అయితే నేను బస్సు దిగుతానా మేడం? రేకు చూసి మోసపోయేవాణ్ణి కాదు. సీటెక్కి కూర్చోగానే తెలిసింది. టూ ఫిఫ్టీ అది. ఈ జిల్లాలో ఇంకోటి నేను చూడలేదు."

"నిన్న ఒంటిగంట నుంచి రెండు దాకా?"

"ఇక్కడే. మాల్యాద్రితో. వాళ్ళ నాయనకు తెలియకుండా వచ్చాడు. ఫొటోలు చూపించాడు."

"మీరు చెప్తే అతనికి సాక్ష్యం. అతను చెప్తే మీకు సాక్ష్యం. ఇద్దరికీ బండే కావాలి. నేనెట్లా నమ్మాలి?"

వెంకటకృష్ణ గ్లాసు కింద పెట్టేశాడు. టీ సగం అట్లాగే ఉంది.

మాల్యాద్రి స్టేషనులో తల వంచుకుని నిలబడ్డాడు.

"నిన్న ఎక్కడున్నావు?"

"ఇంట్లో మేడం."

"మీ అమ్మ లేవంటోంది."

వాడు తలెత్తాడు. "అమ్మ చెప్పిందా?"

"ఎక్కడున్నావురా?"

"ఉదయగిరిలో. ఆ నెల్లూరాయనతో." తల మళ్ళీ దించుకున్నాడు. "ఆడ బండి బేరం చేస్తా ఉండాను మేడం. ఈడ మా నాయన... అది అమ్మకు ఎట్టా చెప్పేది?"

"ఆ బండి తోలడం ఎవరు నేర్పారు?"

"మా నాయనే. పన్నెండేళ్ళప్పుడు."

మాధవి వాడి చేతులు చూసింది. కాయలు కాసిన చేతులు. "పద," అంది. "చేలోకి."

*

సాయంత్రం నాలుగూ పది. ఎర్ర ట్రాక్టరు చుట్టూ జనం. ముందు వరసలో రామనారాయణ, మాల్యాద్రి, వెంకటకృష్ణ. వెనక పిచ్చమ్మ, కూలీలు. శీనయ్య ట్రాక్టరు పెద్ద టైరుకు వీపు ఆనించి బీడీ కాలుస్తున్నాడు.

"యాక్సిడెంట్‌కు ఇంత పంచాయతీ ఏంది మేడం?" అన్నాడు రామనారాయణ. "శవం ఇంటికాడ వాసన కొట్టబోతాది. పాపం, పూడ్చుకోనీండి."

"ఎక్కడ పూడుస్తారు?"

"వాళ్ళ జాగాలో."

"ఆ జాగా మీదని కదా మీరు ఆత్మకూరు ఆర్డీవో గారికి అర్జీ పెట్టారు. కాలనీ శ్మశానం మీ చేలో కలిసి ఉందని."

"అది వేరే సంగతి."

"రేపు సోమవారం పదకొండు గంటలకు విచారణ. గట్టు ఎక్కడుందో చెప్పడానికి కాలనీ వాళ్ళు ఒక్కర్నే సాక్షి పెట్టుకున్నారు. ముప్పై ఏళ్ళు ఆ గట్టుకు రెండు వైపులా దున్నిన మనిషిని. అతను నిన్న చచ్చిపోయాడు."

జనంలో చిన్న గుసగుస లేచింది.

"చూడమ్మా, మర్యాదగా మాట్లాడు. నేను కాపాడబోయినోణ్ణి."

"అయితే ఎట్లా కాపాడారో ఒకసారి చూపించండి. బండెక్కండి."

"నేనెందుకు ఎక్కేది?"

"నిన్న ఎక్కానని సంతకం పెట్టారు కదా."

రామనారాయణ చుట్టూ చూశాడు. అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి. పంచె ఎగ్గట్టి ఎక్కాడు. చిరిగిన సీటు మీద గోనెపట్ట ఉంది. దాన్ని చూసి మొహం చిట్లించి, అంచు మీద కూర్చున్నాడు.

"బండి నడుస్తోంది. ఆపండి."

అతని చెయ్యి చటుక్కున ముందుకు పోయింది. బాగా అలవాటు పడిన చెయ్యి. గేరు రాడ్డు పక్కకు, కొంచెం కిందికి. వేళ్ళు ముడుచుకున్నాయి.

పట్టుకోడానికి అక్కడ ఏమీ లేదు.

ఇంకొంచెం వెనక తడిమాడు. అక్కడా లేదు. వంగి చూశాడు. ఒక్కటే రాడ్డు. నల్లగుండు ఉన్న గేరు రాడ్డు, అంతే.

వెనకవాళ్ళు మునివేళ్ళ మీద లేచి చూశారు.

"హై-లో లివరు ఎక్కడుంది రామనారాయణ గారూ?"

అతను ఇంకోసారి వంగి సీటు కింద వెతికాడు.

"మీ బండి టూ సెవెంటీఫైవ్. నాలుగు గేర్లు, హై-లో లివరు. రెండు నాల్గులు ఎనిమిది. లో గేరులో పెడితే చీమలా పాకుతుంది. అందుకే మీరంతా దిగి కట్టలు వేస్తారు. ఇది టూ ఫిఫ్టీ. దీనికి అయిదే గేర్లు. లో అనేది దీనికి లేదు. ఆ లివరే లేదు. బానెట్ రేకు మటుకు వేరే బండిది. శీనయ్య బిగించాడు. మీరు రేకు మీది నంబరు చదివారు. నేనూ అదే చదివాను. పంచనామాలో తప్పు రాసింది నేనే."

"కంగారులో... గేరు రాడ్డే లాగినానేమో," అన్నాడు రామనారాయణ.

"అయితే బండి ఫస్టులో పోతోందా?"

"ఆ. ఫస్టులోనే."

"శీనయ్యా, చూపించు. వెంగయ్యా, కట్ట ఎత్తుకో."

రామనారాయణ దిగాడు. శీనయ్య ఎక్కి స్టార్టు చేసి, ఫస్టులో వేసి వదిలాడు. ఆక్సిలేటర్ తగ్గిస్తే, పాత ఇంజను సగం ట్రాలీ బరువుకు రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేసి పెంచితే ముందుకు ఉరికింది. వేరుశనగ కట్ట నెత్తిన పెట్టుకున్న వెంగయ్య పది అడుగులు పరుగెత్తి, కట్టను కింద పడేశాడు.

"ఇదీ లెక్క," అన్నాడు శీనయ్య, ఆపి దిగుతూ. "అందుకే ఆ మనిషి దిగేవోడు కాదు. తెలిసినోడు ఈ బండిని ఇడిసిపెట్టడు."

మాధవి ముగ్గురి ముందూ నిలబడింది.

"వెంకటకృష్ణ ఈ సీటెక్కాడు. ఇది టూ ఫిఫ్టీ అని అతనికి తెలుసు. మాల్యాద్రి పన్నెండేళ్ళప్పుడు దీని మీదే నేర్చుకున్నాడు. ఈ ఇద్దరిలో ఎవరు చంపి కథ అల్లినా, అందులో లో గేరు రాదు. ఆ మాట రావాలంటే, ఈ బండిని రోజూ చూస్తూ ఒక్కనాడు కూడా ఎక్కనివాడై ఉండాలి. మీ బండి ట్రాలీ లాగడానికే. ముప్పై ఏళ్ళు మీ చేను దున్నింది ఇదే. ఒక్కసారైనా ఎక్కారా?"

"కాలనీవోడి బండి నేనెక్కేదేంది?"

మాట జారిపోయింది. అతనికే తెలిసింది. నోరు మూసుకున్నాడు.

"నిన్న కూడా ఎక్కలేదు," అంది మాధవి. "మీ బండి మీద వచ్చారు. పిచ్చమ్మ విన్న చప్పుడు మీ బండిది. రెండింటి చప్పుడూ ఒకటే. అతను వంగి కట్ట కడుతుంటే ట్రాలీని వెనక్కి తోలారు. తర్వాత పదిహేను అడుగులు ఈడ్చి ఈ చక్రానికి ఆనించారు. చేత్తో టైరుకు నెత్తురు పూశారు. నెత్తురు పడిన చోట కట్టలు వేశారు. ఫోన్ చెయ్యడానికి అరగంట ఎందుకు పట్టింది? మీ బోరు దగ్గరికి పోయి మీ ట్రాలీ కడిగారు."

"అబద్ధం! సాక్ష్యం ఏముండాది?"

మాధవి ఫోన్ తీసి స్పీకరు పెట్టింది. బోరు షెడ్డులో ఉన్న క్లూస్ టీం వాళ్ళలో ఒకతని గొంతు వినిపించింది.

"మేడం, ట్రాలీ నాలుగు చక్రాల్లో మూడింటికి వారం నాటి బురద ఉంది. వెనక కుడిది ఒక్కటే కడిగి ఉంది. రిమ్ముకూ టైరుకూ మధ్య సందులో రక్తం ఉంది. గుడ్డపీలిక కూడా ఇరుక్కుంది. నీలిగళ్ళ లుంగీ."

మాల్యాద్రి గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. వాళ్ళ నాయన కట్టుకున్నది అదే. వాడు రామనారాయణ మీదికి దూకాడు. వెంగయ్య నడుము పట్టుకుని ఆపాడు.

రామనారాయణ వాడి వైపు చూడలేదు. గట్టు వైపు చూశాడు.

"నా చేను గట్టు ఏదో వాడు చెప్తాడంట," అన్నాడు. "నాకు. ఆఫీసులో, అందురి ముందరా. ఆ మాట మానుకోమని చెప్పబోయినా. వినలేదు. వంగి వాడి పని వాడు చేసుకుంటానే ఉండాడు. నేను మాట్లాడతా ఉంటే తల కూడా ఎత్తలేదు."

బేడీలు పడ్డాయి. నాలుగూ యాభై అయిదు.

*

శవం కాలనీకి చేరింది. ఇంట్లో రోశమ్మ ఐసు పెట్టె పక్కనే కూర్చుని ఉంది. మాధవి చెప్పులు విడిచి లోపలికి పోయి, ఆమె ముందు నేల మీద కూర్చుంది.

"నీ కొడుకు కాదు రోశమ్మా."

రోశమ్మ ఏడవలేదు. "ఎవురు?"

"రామనారాయణ."

తల ఊపింది. పెద్దగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి సగంలోనే ఆగిపోయింది. వాకిట్లో మాల్యాద్రి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో.

"నీ కొడుకు కాదంటే ఏంది మేడం?" అన్నాడు. "ఎవురడిగినారు?"

వాడు తల్లి వైపు తిరిగాడు.

"అమా. నేననుకున్నావా?"

"ఇంట్లో ఉండానని ఎందుకు అబద్ధం చెప్పినావురా?"

"అబద్ధం చెప్పినా. దానికి, నాయనను సంపినాననుకున్నావా?"

రోశమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆరు గంటలకు ఇంకా వెలుగుంది. శ్మశానంలో గొయ్యి తీశారు. శవాన్ని దించారు. కాలనీ పెద్ద పక్కకు తప్పుకుని, "కొడుకు రావాల," అన్నాడు.

మాల్యాద్రి కదల్లేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో పేరు పెట్టి పిలిచారు. అయినా కదల్లేదు.

రోశమ్మ ముందుకు వచ్చింది. వంగి పిడికెడు మట్టి తీసింది. కొడుకు దగ్గరికి పోయి, కట్టుకున్న చేతులు విడదీసి, అరచేతిలో పోసింది.

"ఎయ్యి నాయనా. నువ్వే ఎయ్యాల."

వాడు ఆ మట్టి వైపు చూశాడు. ఆమె వైపు చూడలేదు. గొయ్యి అంచుకు పోయి వేశాడు. వంగి తనే తీసుకుని రెండోది వేశాడు. మూడోది వేసేటప్పుడు భుజాలు అదిరాయి. ఏడుపు బయటికి రానివ్వలేదు.

పారలు కదిలాయి. గొయ్యి పూడింది.

మాధవి జీపు దగ్గర నిలబడి చూసింది. అందరూ ఊరి వైపు మళ్ళారు. మాల్యాద్రి ముందు నడిచాడు. రోశమ్మ పది అడుగులు వెనక నడిచింది. ఆమె అడుగు తొందర చేస్తే వాడూ తొందర చేశాడు. ఆమె ఆగితే వాడు ఆగలేదు.

ఆ పది అడుగులు కాలనీ మలుపు తిరిగేదాకా తగ్గలేదు.